చిట్కా వెనక కారణం అడుగు

అమ్మలూ, డాబా మీద కూరగాయల తోట మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. టమాటా కాయల అడుగు నల్లబడితే కోడిగుడ్డు పెంకులు వెయ్యాలా? సొర పిందెలు రాలిపోతుంటే పుల్లమజ్జిగ చల్లాలా? మిరపాకు ముడుచుకుంటే వేపనూనె కొట్టాలా? ప్రతి ప్రశ్నలోనూ ఒక జబ్బు ఉంది, పక్కనే ఎవరో చెప్పిన చిట్కా ఉంది. ఆ రెండింటి నడుమ ఉండాల్సిన కారణం మాత్రం లేదు.

చిట్కాలు చెడ్డవని నేననను. మన పెద్దలు తరాల తరబడి పొలం గట్టున నిలబడి చూసి చెప్పినవి వాటిలో బోలెడున్నాయి. కానీ ఒక చిట్కా ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే, అది ఎక్కడ పనిచెయ్యదో కూడా తెలియదు. రసాయన మందు డబ్బా మీద దేనికి కొట్టాలో, ఎంత కొట్టాలో అచ్చువేసి ఉంటుంది. సేంద్రియంగా పండించేవాళ్లు మొక్కనూ మట్టినీ చూసి తామే తేల్చుకోవాలి. అందుకే ఈ పూట నీ ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకుని వాటి వెనకున్న సంగతులు చెబుతాను. తాపీగా విను.

కుండీలో మట్టి వేరు

ముందు మట్టి. నేలలో ఉన్న మొక్క వేరు తనకు కావలసినంత దూరం పోతుంది. నీళ్లు ఎక్కువైతే లోపలికి ఇంకిపోతాయి. కుండీలో ఆ రెండూ కుదరవు. వేరు తిరిగి తిరిగి అక్కడే ఉండాలి, ఎక్కువైన నీళ్లు అడుగున నిలిచిపోతాయి. వేరుకు నీళ్లెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఆ గాలి ఉంటుంది. సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరుకు ఊపిరాడక కుళ్లిపోతుంది. కుండీ మొక్కలు నీళ్లు చాలక చచ్చిపోయేదానికన్నా నీళ్లు ఎక్కువై చచ్చిపోయేదే ఎక్కువ.

పత్తికీ మిరపకూ పేరుపడ్డ నల్లరేగడి కుండీకి పనికిరాకపోవడానికి కారణం ఇదే. అందులోని బంకమట్టి తడిస్తే ఉబ్బి ముద్దవుతుంది, ఎండితే ముడుచుకుని కుండీ అంచుల దగ్గర బీటలిస్తుంది. పోసిన నీళ్లు ఆ బీటల్లోంచి జారి కిందికి పోతాయి, వేరు దగ్గర మట్టి పొడిగానే ఉంటుంది. అందుకని ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలుపుకో. 20 లీటర్ల సంచికి రెండు గుప్పెళ్ల వేపపిండి కూడా వెయ్యి. కొబ్బరిపొట్టు నీళ్లను పట్టి ఉంచుతుంది, మట్టిని గుల్లగా ఉంచుతుంది. దానిలో మొక్కకు ఆహారమేమీ ఉండదు. పైగా కొబ్బరి పీచును ఉప్పునీళ్లలో నానబెట్టి ఉంటే ఆ ఉప్పు పొట్టులో మిగిలిపోతుంది. వాడేముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండెయ్.

పచ్చిపేడ మాత్రం నేరుగా కుండీలో వెయ్యొద్దు. అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, లేతవేళ్లు మాడిపోతాయి. వేరుపురుగులు కూడా దానితోనే వస్తాయి. నలిపితే పొడిపొడిగా రాలి, పేడ వాసన పోయి మట్టి వాసన వస్తేనే అది ఎరువు అయినట్టు.

ఇక డాబా సంగతి కూడా చూసుకోవాలి. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నర పైనే తూగుతుంది. ఉత్త మట్టితో నింపిన 20 లీటర్ల సంచి తడిస్తే 30 కిలోలు దాటుతుంది. అలాంటివి ఇరవై పెడితే 600 కిలోలు! కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిస్తే బరువు తగ్గుతుంది. సంచులను స్లాబు నడిమధ్యన గుట్టగా పెట్టక, గోడల వెంబడి, దూలాల మీదుగా వరసగా పేర్చు. కింద ఇటుకలో స్టాండ్లో ఉంటే స్లాబు తడి ఆరుతుంది.

ఆకుకూరలకు జానెడు లోతున్న తొట్టి చాలు. టమాటా, వంగ, మిరపలకు 15 నుంచి 20 లీటర్ల సంచి కావాలి. సొర, బీర లాంటి పాదులకు 40 లీటర్లకు తగ్గొద్దు. కాయగూరలకు రోజుకు ఆరు గంటల ఎండ పడాలి. మూడు నాలుగు గంటలే పడే చోట తోటకూర, పాలకూర, బచ్చలి వేసుకో.

చెత్తలో లెక్క

ఎరువు కొనక్కర్లేదు, వంటింట్లోనే ఉంది. అయితే కంపోస్టు బుట్ట కంపుకొడుతోందని చాలామంది వారం తిరక్కుండానే విసుగెత్తి వదిలేస్తారు. కంపు ఎందుకొస్తుందో తెలిస్తే ఎవరూ వదలరు.

చెత్తను ఎరువుగా మార్చేవి కంటికి కనపడని బ్యాక్టీరియా, బూజులు. వాటికి శక్తి కోసం కార్బన్ కావాలి, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. మనకు అన్నమూ పప్పూ ఎలాగో వాటికి ఇవి అలాగ. ఎండుటాకులు, కొబ్బరిపీచు, అట్టముక్కలు అన్నం. కూరగాయల తొక్కలు, పచ్చి ఆకులు, పేడ, వాడేసిన టీపొడి పప్పు. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉంటే అవి ఉత్సాహంగా పనిచేస్తాయి. కూరగాయల తొక్కల్లో ఈ నిష్పత్తి 15, 20 దగ్గర ఉంటుంది. ఎండుటాకుల్లో 50 దాటుతుంది. అందుకే తొక్కలు మాత్రమే వేస్తే నత్రజని ఎక్కువై అమ్మోనియాగా గాల్లోకి పోతుంది, ముక్కుపుటాలు మండే ఘాటు అదే. ఉత్త ఎండుటాకులే వేస్తే ఆరు నెలలైనా ఆకులు ఆకుల్లాగే పడి ఉంటాయి. ఒక బుట్ట తొక్కలకు రెండు మూడు బుట్టల ఎండుటాకులు కలిపితే లెక్క సరిపోతుంది.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే దానికి కారణం వేరు. తడి ఎక్కువై గాలి ఆడనప్పుడు, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగి ఆ వాసన పుట్టిస్తుంది. ఎండుటాకులు వేసి పైకీ కిందికీ తిరగేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, అసలు రాకపోతే తక్కువ. ముక్కూ చెయ్యీ ఉంటే చాలు, ఇంకే పరికరమూ అక్కర్లేదు.

గజం ఎత్తు, గజం వెడల్పున్న పెద్ద కుప్పలో వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా లేస్తుంది. ఆ వేడికి కలుపు విత్తనాలూ తెగులు బీజాలూ చాలామటుకు చస్తాయి. బాల్కనీలో పెట్టుకునే చిన్న డబ్బాలో అంత వేడి నిలవదు. చిన్న కుప్పకు లోపలి పదార్థం తక్కువ, వేడి బయటికి పోయే దారి ఎక్కువ. అందుకే మీ కంపోస్టు వేసిన కుండీలో ఎవరూ నాటని టమాటా మొలకలు లేచాయి. దాన్ని బట్టే, తెగులు పట్టిన మొక్కలను నీ చిన్న డబ్బాలో వెయ్యకూడదని కూడా గుర్తుపెట్టుకో.

ఈ కంపోస్టు శాస్త్రంలో ఒక పెద్ద అడుగు పడింది మన దేశంలోనే. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసాకు ఉద్యోగానికి వచ్చాడు. పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు పాఠాలు నేర్చుకున్నాడు. మందులు ఎరగని మన రైతుల పొలాల్లో తెగుళ్లు ఎందుకు తక్కువగా ఉన్నాయో గమనించి, రైతులూ పురుగులే తన గురువులని చెప్పుకున్నాడు. పురుగు వచ్చిందంటే సాగులో ఎక్కడో లోపముందని అది చెబుతోందన్నమాట. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, యశ్వంత్ వాడ్‌తో కలిసి చెత్త, పేడ, మట్టి పొరలుగా పేర్చి తిరగేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ ఇండోర్ పద్ధతి అనే అంటారు.

జీవామృతం గురించి కూడా అడిగావు. సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని మన ఆంధ్ర రైతులు పెద్ద ఎత్తున వాడుతున్నారు. ఎకరానికి చెప్పే లెక్క 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. నీకు 10 లీటర్ల బకెట్టు చాలు: అరకిలో పేడ, పావులీటరు నుంచి అరలీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చిటికెడు మట్టి. నీడన రెండు రోజులు ఉంచి ఉదయం సాయంత్రం కర్రతో కలుపు. బెల్లం సూక్ష్మజీవులకు శక్తి, పిండి నత్రజని. పేడలోనూ మట్టిలోనూ ఉన్న జీవులు ఈ తిండితో లెక్కకు మిక్కిలి పెరుగుతాయి. ఇక్కడే ఒక మాట. ఇది ఎరువు కాదు. ఇందులో మొక్కకు పనికొచ్చే పోషకాలు కొద్దిగానే ఉంటాయి. ఇది మట్టిలోకి పనివాళ్లను పంపడం. అక్కడ వాళ్లు తినడానికి కంపోస్టో, ఎండుటాకులో లేకపోతే వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతారు. జీవామృతం పోస్తున్నాం కదా అని కంపోస్టు మానెయ్యకు.

టమాటా అడుగున నల్లమచ్చ

ఇక నీ మొదటి ప్రశ్న. కాయ పైభాగం బాగానే ఉండి, పువ్వు రాలిన వైపు నల్లగా, తోలులా గట్టిపడి అణిగిపోవడం తెగులు కాదు. ఆ చోట కాల్షియం అందకపోవడం వల్ల వచ్చే లోపం. అందుకే గుడ్డుపెంకుల చిట్కా పుట్టింది. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేటే, ఆ మాట నిజమే. కానీ అది ఆమ్లంలో తప్ప తేలిగ్గా కరగదు. మన దగ్గర బోరునీళ్లలోనే కాల్షియం దండిగా ఉంటుంది, గిన్నెలకు పట్టే తెల్ల పొర చూస్తూనే ఉన్నావు కదా. అంటే మట్టిలో కాల్షియం లేక కాదు ఈ బాధ.

మొక్కలో కాల్షియం నీళ్లతో పాటే పైకి ఎక్కుతుంది. ఆకులు ఎండకు నీళ్లను ఆవిరి చేస్తాయి కాబట్టి నీళ్ల ప్రవాహమంతా ఆకుల వైపే. కాయ నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ, అందుకని దాని వాటాకు వచ్చే నీళ్లూ తక్కువే. సంచి మధ్యాహ్నానికి ఎండిపోయి, సాయంత్రం నువ్వు బకెట్టు కుమ్మరిస్తే, ఆ ఎండిన గంటల్లో కాయ చివరకు కాల్షియం అందదు. పెరుగుతున్న కణాలకు గోడ గట్టిపడక కూలిపోతాయి. మచ్చ అదే. పండబోయే కాయలు పగలడానికి కూడా సగం కారణం ఇదే: ఎండిన మొక్కకు ఒక్కసారిగా నీళ్లు తగిలితే లోపల ఉబ్బుతుంది, తొక్క సాగదు.

కాబట్టి మందు నీళ్లలోనే ఉంది. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరువు. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూడు. తడి తగిలితే ఆ పూటకు ఆగు, పొడిగా ఉంటే అడుగు నుంచి నీళ్లు కారేదాకా పొయ్యి. ఎండాకాలం రెండు పూటలా కొంచెం కొంచెం. మచ్చ పడిన కాయ బాగుపడదు, తుంచెయ్. తర్వాత వచ్చేవి శుభ్రంగా వస్తాయి. గుడ్డుపెంకులు పారెయ్యకు, మెత్తగా దంచి కంపోస్టులో వెయ్యి. రాబోయే ఏడాదికి పనికొస్తాయి.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది

సొర పిందె రాలడానికీ మజ్జిగకూ సంబంధం లేదు. ఒకసారి పాదు దగ్గర నిలబడి పూలను పరికించి చూడు. కొన్ని పూలు సన్నని పొడుగు కాడ మీద నిలబడి ఉంటాయి. అవి మగపూలు. కొన్నింటికి రేకుల కింద, నూగుతో చిన్న సొరకాయే ఉంటుంది. అవి ఆడపూలు. మొదట రెండు వారాలు మగపూలే వచ్చి రాలిపోతాయి, దానికి కంగారు పడకు. ఆడపూలు వచ్చాక పుప్పొడి అందకపోతే ఆ చిన్న కాయ కొసనుంచి పసుపుబారి రాలుతుంది. నువ్వు చూస్తున్నది అదే.

తేనెటీగలు రావడం లేదా అని అడిగావు. తేనెటీగల పని పగటిపూట. సొరపువ్వు సాయంత్రం, పొద్దు వాలే వేళకు విచ్చుకుంటుంది. తెల్లటి ఆ పువ్వు రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం. పట్నంలో, మేడ మీద, దీపాల వెలుతుర్లో ఆ పురుగులు తక్కువ. కాబట్టి ఆ పని నువ్వే చెయ్యాలి. సాయంత్రం ఆరు, ఆరున్నరకు అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో తుంచు. రేకులు ఒలిచెయ్యి. మధ్యలో పుప్పొడి అంటుకున్న బొడిపె మిగులుతుంది, వేలితో తాకితే పసుపుపచ్చ పొడి అంటాలి. దాన్ని ఆడపువ్వు నడిమధ్యన మూడు పాయలుగా ఉండే కీలాగ్రం మీద అన్ని వైపులా మెల్లగా రాయి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పుప్పొడి పట్టిన పిందె రెండు మూడు రోజుల్లో లావెక్కడం, కాడ గట్టిపడి కిందికి వంగడం నీకే తెలుస్తుంది.

బీరపువ్వుదీ సాయంత్రం వేళే. గుమ్మడి, కాకర, దోస మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటాయి, వాటికి ఉదయం ఎనిమిదిలోపే చెయ్యాలి. ఇంకొక సంగతి: సొరతీగ పందిరి ఎక్కాక కొస తుంచితే పక్కతీగలు వస్తాయి, ఆడపూలు వాటి మీదే ఎక్కువ.

ఆకు ఏ వైపుకు ముడిచింది?

మిరపాకు ముడతకు వేపనూనె కొట్టాలా అన్నావు. ముందు నువ్వు నాకు చెప్పు, ఆకు ఏ వైపుకు ముడిచింది? అంచులు పైకి లేచి ముడిస్తే తామర పురుగులు. అంచులు కిందికి వంగి, కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా మారితే నల్లి. ఆకు చిన్నదై, పసుపుబారి, మొక్కే గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. రైతులు పైముడత, కిందిముడత అని వేరువేరుగా పిలిచేది ఊరికే కాదు.

మిరపకొమ్మ కింద తెల్లకాగితం పట్టి కొసను వేళ్లతో తట్టు. సన్నగా, పసుపురంగులో, కదిలే గీతల్లాంటివి కాగితం మీద రాలితే అవి తామర పురుగులు. అవి ఆకును గీకి రసం పీలుస్తాయి. వాటికి గట్టిగా నీళ్ల పిచికారీ, నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె పనిచేస్తాయి. నల్లి అసలు పురుగు జాతే కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టం, మామూలు కంటికి దాదాపు కనపడదు. దానికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు మంచి మందు. సేంద్రియ సాగులో దానికి అనుమతి ఉంది. మండుటెండలో చల్లితే మాత్రం ఆకు మాడుతుంది. ఇక వైరస్‌కు మందే లేదు, మొక్కను పీకి దూరంగా పారెయ్యడమే. బెండాకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులూ ఇలాంటిదే. ఒక్క మొక్క మీద జాలిపడితే వరసంతా పోతుంది. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు కట్టు.

వేప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1959లో సూడాన్‌లో మిడతల దండు వచ్చి కనపడ్డ పచ్చనిదల్లా మేసేసినా వేపచెట్లను వదిలేసి పోవడం హైన్రిఖ్ ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1962లో ఢిల్లీలో ప్రధాన్ అనే మన శాస్త్రజ్ఞుడు వేపపప్పు నీళ్లలో నూరి పైరు మీద చల్లించాడు. మిడతలు వాలాయి గానీ తినలేదు. 1968లో ఇంగ్లండులో ఆ గింజలోంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పురుగును తక్షణం చంపే విషం కాదు. పురుగుకు తిండి మీద రుచి పోగొడుతుంది, చర్మం విడిచి పెరగడానికి కావలసిన హార్మోన్‌ను అడ్డుకుంటుంది. పొద్దున కొట్టి సాయంత్రం పురుగులు ఇంకా తిరుగుతున్నాయని నిరాశపడకు. వారం రోజుల్లో ఫలితం చూడు. పెద్ద పురుగుల కన్నా పిల్లపురుగుల మీద బాగా పనిచేస్తుంది కాబట్టి తొందరగా గమనించడమే సగం వైద్యం.

అజాడిరక్టిన్ ఎండకు పాడైపోతుంది, అందుకే సాయంత్రం చల్లాలి. ఆకులో కన్నా గింజలో అది ఎక్కువ, అందుకే ఆకురసం కన్నా గింజల కషాయం మేలు. 50 గ్రాముల వేపపప్పు పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టు. మర్నాడు మూటను బాగా పిసికి, వడగట్టి, ఆ రోజే వాడెయ్. నిలవ ఉంచితే గుణం పోతుంది. వేపనూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు కదా, ముందుగా చెంచాడు కుంకుడు రసంలో నూనె వేసి గిలకొట్టి, పాలలా తెల్లబడ్డాక నీళ్లు పొయ్యి. కుంకుడులోని సపోనిన్లు నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి నీళ్లలో నిలుపుతాయి. అలా కలపకపోతే నూనె ఒకచోట పేరుకుని ఆకును మాడ్చేస్తుంది. ఒక ఆకు మీద చల్లి మర్నాడు చూసి ఆ తర్వాతే మొక్కంతా చల్లు. ఆకు అడుగున తడవాలి, పురుగులుండేది అక్కడే. పూల మీద పడనివ్వకు. సొరపువ్వు విచ్చుకునే వేళ, నువ్వు మందు కొట్టే వేళ రెండూ సాయంత్రమే.

చంపకూడని పురుగు

చలికాలంలో చిక్కుడు కొసలకు నల్లగా పేనుబంక పడుతుంది. ఆకుల మీద జిగట, దాని మీద మసిలాంటి బూజు, కాడ వెంట చీమల బారు. చీమలు మొక్కను తినవు, పేనుబంక విసర్జించే తీపి ద్రవం కోసం వస్తాయి. ఆ తీపి కోసం పేనుబంకకు కాపలా కాసి, దాన్ని తినే పురుగులను తరిమేస్తాయి. కాబట్టి పేనుబంకతో పాటు చీమల దారీ కట్టెయ్యాలి. స్టాండు కాళ్లు నీళ్ల పళ్లాల్లో పెట్టు, తీగ గోడకు ఆనకుండా చూడు.

పేనుబంక గుంపు దగ్గర నల్లగా పొడుగ్గా, పసుపు మచ్చలతో, ఆరుకాళ్ల మీద చురుగ్గా పాకే పిల్లపురుగు కనిపిస్తే దాన్ని చంపకు. అది అక్షింతల పురుగు పిల్ల. తల్లి ఎర్రగా, నున్నగా మెరుస్తూ ముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. పిల్ల వికారంగా ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు నలిపేస్తారు. నిజానికి ఆ పిల్ల కూడా పేనుబంకను ఆబగా తింటుంది. అయితే వంగాకు మీద కనపడే అక్షింతల పురుగు వేరు. దాని ఒళ్లు మెరవదు, సన్నని నూగుతో మసకగా ఉంటుంది, 28 నల్లచుక్కలుంటాయి. దాని పిల్ల పసుపురంగులో ఒళ్లంతా ముళ్లతో ఆకు పచ్చదనాన్ని గీకి జల్లెడ చేస్తుంది. దాన్ని మాత్రం ఏరి సబ్బునీళ్లలో వెయ్యి. మెరిసేది నేస్తం, మసకది శత్రువు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అలాగే పేనుబంకల్లో కొన్ని ఉబ్బి గోధుమరంగుకు తిరిగి కదలకుండా ఉంటాయి. చిన్న కందిరీగ జాతి ఒకటి వాటి లోపల గుడ్డు పెట్టిందన్నమాట. ఆ ఆకు తుంచకు. అందులోంచి వచ్చేవి మిగతా పేనుబంక పని పడతాయి. ఎక్కడ చూసినా పేనుబంకే ఉండి ఇవేవీ కనపడకపోతే అప్పుడు నీళ్లతో కడుగు, ఉదయం మంచు తడి మీద కట్టెల బూడిద పల్చగా చల్లు. బూడిదలో పొటాష్ ఉంటుంది గానీ క్షారం కూడా. రోజూ చల్లితే మట్టి క్షారమెక్కుతుంది.

వంగ కొస వాలిపోతే నీళ్లు తక్కువైందనుకోకు. చీల్చి చూడు, లోపల గులాబీరంగు పురుగు ఉంటుంది. అది లోపల ఉండగా పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు. వాలిన కొసను అంగుళం కిందికి తుంచి నాశనం చెయ్యడమే వైద్యం. కాకర, బీర కాయలు వంకరపోయి కుళ్లితే పండుఈగ పని. పాడైన కాయను కింద వదిలితే అందులోని పురుగులు మట్టిలో దిగి ఈగలై లేస్తాయి. ఏ రోజుకారోజు ఏరి కవర్లో మూటకట్టి ఎండలో పెట్టు.

కొన్నింటికి అసలు మందు వెతకొద్దు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా ఉక్కపోస్తుంటే టమాటా పుప్పొడి పనిచెయ్యదు, పూత రాలుతుంది. మే నెలలో టమాటాతో పోరాడే బదులు ఎండను ఇష్టపడే తోటకూర, బచ్చలి, గోంగూర, బెండ, గోరుచిక్కుడు వేసుకో. టమాటా నారు మృగశిర కార్తె దాటాక పోసుకుంటే అడక్కుండానే కాస్తుంది.

గింజ దాచుకో

చిక్కుడు, అలసంద కాపు అయిపోయాక మొక్కను వేళ్లతో పీకొద్దు. ఒక మొక్కను మాత్రం చూడటానికి మెల్లగా పెకలించు. వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేతగులాబీ రంగు కనపడుతుంది. అందులో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. 1888లో బైయరింక్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు వాటిని వేరుచేసి చూపించాడు. గులాబీ రంగు ఉంటే అవి పనిలో ఉన్నట్టు, ఆకుపచ్చగానో బూడిదరంగులోనో ఉంటే పని అయిపోయినట్టు. మిగతా మొక్కలను మట్టికి సమానంగా కోసి వేళ్లను లోపలే ఉంచు. ఆకులనూ తీగలనూ ముక్కలు చేసి అదే సంచిలో పరువు. ఆ తర్వాత అక్కడ వంగో, తోటకూరో వెయ్యి.

చివరిగా విత్తనం. దుకాణంలో హైబ్రిడ్ అని అమ్మే గింజల నుంచి వచ్చిన కాయ గింజలు మళ్లీ వేస్తే తల్లిలా రావు, రకరకాలుగా వస్తాయి. నాటు రకాలైతే దాచుకోవచ్చు. టమాటా, చిక్కుడు చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి రకం చెడదు. టమాటా గింజలను వాటి గుజ్జుతోనే రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టు. పులిస్తే మొలకను ఆపే జిగురు పొర పోతుంది. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి మూతపెట్టు.

సొర, బీర, గుమ్మడి అలా కాదు. పురుగులు వేరే ఇంటి పాదు పుప్పొడి తెచ్చి పడేస్తే రకం మారిపోతుంది. కానీ నీకు ఇప్పుడు ఆడపువ్వు తెలుసు, మగపువ్వు తెలుసు, అవి ఎప్పుడు విచ్చుకుంటాయో తెలుసు. సొరకైతే ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలను మధ్యాహ్నమే గుర్తుపట్టి, ఆడదానికీ మగదానికీ దారం చుట్టి ఉంచు. విచ్చుకునే వేళ విప్పి నీ చేత్తో పుప్పొడి రాసి, మళ్లీ కట్టెయ్. ఆ కాయకు గుర్తుగా ఒక గుడ్డముక్క కట్టి, తీగ మీదే డొప్ప గట్టిపడేదాకా ఉంచు. పిందె రాలకుండా చూసుకోవడానికి నేర్చుకున్న విద్యే నీకు నిఖార్సయిన విత్తనం ఇస్తుంది. చిట్కా ఒక్క జబ్బుకే పనికొస్తుంది, కారణం తెలిస్తే ఇలా పది పనులకు అక్కరకొస్తుంది.

ఆ గింజలు మీ అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్లందరికీ పంచు. ఇచ్చేటప్పుడు ఎప్పుడు నాటాలో, పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో, ఎందుకో కూడా చెప్పి ఇవ్వు.